పిల్లల్ని విదేశాలకు తీసుకెళ్ళాలంటే అమ్మానాన్నల సంతకాలు: నెల్లూరు, ఒంగోలు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో పాస్‌పోర్టు, వీసా ఫారాలు నింపే చిన్న ఆన్‌లైన్ సెంటర్ మాది. వచ్చేవాళ్ళలో సగం మంది కువైట్, దుబాయ్ బాపతు. మిగతా సగం కొడుకో కూతురో అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళు. మార్చి వచ్చిందంటే చాలు, కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగేది ఒకటే: "పిల్లోడికి వాళ్ళ నాన్న సంతకం కావాలంటనే, నిజమేనా?" నోరు నొప్పి పుట్టి ఇదంతా రాసి పెడుతున్నాను. నేను వకీలును కాను. కోర్టుదాకా వెళ్ళిన గొడవలకు వకీలే గతి, ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

బిడ్డను విదేశానికి తీసుకెళ్ళాలంటే తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలని మన దేశంలో చట్టం ఉందా?

ఒకే చట్టంలో ఒకే చోట అలా రాసి లేదు. అందుకే ఇంత గందరగోళం. బిడ్డ విమానం ఎక్కేలోపు దాటాల్సిన గుమ్మాలు మూడు: పాస్‌పోర్టు, వీసా, ఎయిర్‌పోర్టు. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో రకం సమ్మతి అడుగుతారు. పాస్‌పోర్టు ఆఫీసులో పెట్టిన సంతకం వీసాకు పనికిరాదు, వీసాకు ఇచ్చిన లెటర్ ఎయిర్‌పోర్టులో చూపిద్దామంటే దాని ఒరిజినల్ వీసా సెంటర్లోనే ఉండిపోతుంది. ఇవి గాక, ఇంట్లో కస్టడీ గొడవ ఉంటే నాలుగో గుమ్మం కోర్టు.

పాస్‌పోర్టుకు ఇద్దరం రావాలా?

రానక్కర్లేదు. బిడ్డతో ఒకరు వస్తే చాలు, ఇద్దరి సంతకాలు మాత్రం ఉండాలి. ఆ సంతకాలు పెట్టే కాగితం పేరు అనెక్జర్ డి. "ఈ బిడ్డ మా బిడ్డే, పాస్‌పోర్టు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు" అని ఇద్దరూ రాసిచ్చే డిక్లరేషన్ అది. 2016 డిసెంబర్‌లో రూల్స్ మార్చినప్పటి నుంచి దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద ప్రింటు తీసి సంతకాలు పెడితే సరిపోతుంది. అయినా ఇప్పటికీ స్టాంపు పేపరు మీద టైపు చేయించి, నోటరీ ముద్ర కొట్టించుకుని, ఐదారు వందలు వదిలించుకుని వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా కనిపిస్తారు. చేయించింది పనికిరాకుండా పోదు, డబ్బులే దండగ.

అమ్మానాన్నలకు పాస్‌పోర్టులు ఉంటే ఒరిజినల్స్, జిరాక్సులు పట్టుకెళ్ళండి. వాటిలో భార్య పేరు, భర్త పేరు ఎక్కించి ఉంటే పని తేలిక. పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టు ఉండి, అందులో భర్త పేరు లేని తల్లులు ఈ వైపు చాలామంది. తొందర లేకపోతే ముందు ఆమె పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి తర్వాత బిడ్డకు పెట్టమంటాను.

నాలుగేళ్ళలోపు పిల్లలకైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫోటో మనమే తీసుకెళ్ళాలి. పిల్లల పాస్‌పోర్టు ఫీజు 1,000 రూపాయలు, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు కొత్త పాస్‌పోర్టుకు అందులో 10 శాతం తగ్గింపు. తత్కాల్ అయితే ఇంకో 2,000. ఐదేళ్ళు గానీ 18 ఏళ్ళు నిండేదాకా గానీ, ఏది ముందొస్తే అప్పటిదాకా చెల్లుతుంది. 15 దాటినవాళ్ళు పదేళ్ళది కూడా తీసుకోవచ్చు. గడువు అయ్యాక రీఇష్యూకు మళ్ళీ ఇద్దరి సంతకాలూ కావాలి. ఐదేళ్ళ కిందట పెట్టాం కదా అంటే ఒప్పుకోరు.

నెల్లూరు, ప్రకాశం వాళ్ళ ఫైళ్ళు విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్తాయి. నెల్లూరులో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. స్లాట్ దొరక్కపోతే ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు, 2018 నుంచి దేశంలో ఎక్కడి నుంచైనా అప్లై చేసుకునే వీలుంది.

మా ఆయన కువైట్‌లో ఉన్నాడు. సంతకం ఎట్లా?

అక్కడి ఇండియన్ ఎంబసీకి వెళ్ళి, బిడ్డ పాస్‌పోర్టుకు తన సమ్మతి ఉందని అఫిడవిట్ రాసి, ఎంబసీ అటెస్టేషన్ వేయించి ఒరిజినల్ పంపాలి. ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చి పంపడమే మనవాళ్ళకు అలవాటు, అది నయం కూడా. వాట్సాప్‌లో పంపిన ఫోటోకు ప్రింటు తీసి తెచ్చేవాళ్ళున్నారు. కౌంటర్ దగ్గర వాళ్ళ మొహం చూసి జాలి పడతారే గానీ కాగితం తీసుకోరు.

ఆయన పేరు మీద ఇంకెవరో సంతకం గీకడం మాత్రం చేయొద్దు. మా షాపులోనే, నా కళ్ళ ముందే, "అబ్బయ్యా, నువ్వే పెట్టు, మీ అన్న సంతకం నీకు తెలుసుగా" అని మరిదికి పెన్ను ఇచ్చిన అత్తగారు ఉంది. ఫారం వెనక్కి లాక్కున్నాను. పాస్‌పోర్టు కోసం తప్పుడు సమాచారం ఇస్తే 1967 పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ళదాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

బర్త్ సర్టిఫికెట్లో పేర్లు తేడాగా ఉన్నాయి. సమ్మతి కాగితం చెల్లుతుందా?

మన జిల్లాల్లో ఫైళ్ళు ఆగేది సమ్మతి దగ్గర కాదు, ఇక్కడే. మొన్న వచ్చిన ఒక ఫైలు చెబుతాను. నెల్లూరు పొగతోటలో పుట్టిన పాప. బర్త్ సర్టిఫికెట్లో బిడ్డ పేరు గడి ఖాళీ. తల్లి పేరు 'సుజాత' అని ఒక్క మాట. ఆధార్‌లో ఆమెకు అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరం ఇనీషియల్‌గా ఉంది. ముగ్గురు సుజాతలూ ఒకటేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. అనెక్జర్ డి మీద సంతకం పెట్టిన సుజాత, బర్త్ సర్టిఫికెట్లో ఉన్న సుజాత ఒకరేనని కాగితం మీద తేలితేనే ఆ సమ్మతికి విలువ.

కాబట్టి వరుస ఇది. ముందు బర్త్ సర్టిఫికెట్ సరిచేయించండి. బిడ్డ పేరు ఎక్కించలేదంటే పుట్టిన 12 నెలల్లోపు ఫీజు లేకుండా ఎక్కిస్తారు. ఆ తర్వాత లేటు ఫీజుతో 15 ఏళ్ళదాకా వీలుంది. మున్సిపాలిటీలో, పంచాయతీలో, ఎక్కడ రిజిస్టర్ అయితే అక్కడే పని, సచివాలయంలో అడిగితే దారి చెబుతారు. తర్వాత తల్లి ఆధార్, పాస్‌పోర్టు ఒక్క తీరుకు తెచ్చుకోండి. చివరికి బిడ్డ అప్లికేషన్.

2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. ఆ పిల్లల విషయంలో తప్పును ఇంకో కాగితంతో కప్పిపుచ్చుకునే వీలు లేదు.

మేం విడిగా ఉంటున్నాం, విడాకులు కాలేదు. ఆయన సంతకం పెట్టనంటున్నాడు.

దీనికోసమే అనెక్జర్ సి ఉంది. ఒక్కరే సంతకం పెట్టే డిక్లరేషన్. రెండోవారి సమ్మతి ఎందుకు లేదో కారణం అందులోనే చెప్పాలి: విడిగా ఉంటున్నారా, కోర్టులో కేసు నడుస్తోందా, వదిలేసి వెళ్ళిపోయాడా. ఇదీ తెల్ల కాగితం మీదే. కేసు ఉంటే ఉందని రాయండి. దాచిపెట్టి పాస్‌పోర్టు తీసుకుంటే, అవతలివాళ్ళు ఆఫీసుకు ఒక్క లెటర్ రాస్తే పాస్‌పోర్టు ఇంపౌండ్ అయ్యే, అంటే ఆఫీసువాళ్ళు స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉంది. కస్టడీ కేసులో అప్పటికే ఆర్డర్ ఏదైనా వచ్చి ఉంటే దాని కాపీ పెట్టాలి. బిడ్డను దేశం దాటించొద్దని ఆర్డర్ ఉంటే మాత్రం అనెక్జర్ సి కాదు, ముందు కోర్టు పర్మిషన్.

విడాకులై కస్టడీ మీకే వచ్చి ఉంటే డిక్రీ కాపీ జతచేయండి. భర్త పోయి ఉంటే డెత్ సర్టిఫికెట్ చాలు.

పెళ్ళి కాని తల్లి ఒక్కతే పెట్టొచ్చా? తండ్రి పేరు రాయాల్సిందేనా?

పెట్టొచ్చు. 2016 మార్పుల తర్వాత అప్లికేషన్లో తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరి పేరు ఉంటే చాలు. పెళ్ళి కాని తల్లి తన బిడ్డకు తానొక్కతే గార్డియన్‌గా ఉండడానికి తండ్రికి నోటీసు ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఈ ప్రశ్న అడగడానికి షాపు ఖాళీ అయ్యేదాకా బయట నిలబడిన అమ్మాయి ఒకామె ఉంది. నిలబడక్కర్లేదమ్మా, కౌంటర్లో కూడా తండ్రి ఎవరని అడిగే హక్కు వాళ్ళకు లేదు.

తండ్రే కదా అసలు గార్డియన్? తల్లి సంతకం లేకపోతే ఏం?

ఈ మాట ఎక్కువగా తాతలు అంటారు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో 'తండ్రి, అతని తర్వాత తల్లి' అని ఉన్న మాట నిజమే. కానీ రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు 'తర్వాత' అంటే తండ్రి పోయాక అని కాదు, తండ్రి లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లే గార్డియన్ అని అర్థం చెప్పింది. ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే చట్టంలో ఉంది. ముస్లిం కుటుంబాల్లో గార్డియన్‌షిప్ తండ్రిదైనా, చిన్నపిల్లల్ని దగ్గర ఉంచుకునే హక్కు తల్లిది. ఇదంతా కోర్టులో మాట్లాడే విషయం. పాస్‌పోర్టు కౌంటర్లో అనెక్జర్ డి అంటే ఇద్దరి సంతకాలే, తాతగారూ.

వీసాకు ఎవరెవరి సమ్మతి అడుగుతారు?

దేశాన్ని బట్టి. యూరప్ వెళ్ళే షెంగెన్ వీసాకు మైనర్ ఫారం మీద ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలు కావాలి. ఒక్కరే వెంట వెళ్తుంటే, వెళ్ళని వారి దగ్గర నోటరీ చేసిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం) కూడా వీసా సెంటర్లో అడుగుతారు. ఒక్కరే బతికున్నా, కోర్టు ఒక్కరికే హక్కులిచ్చినా ఆ కాగితం చూపిస్తే మినహాయింపు ఉంటుంది. బ్రిటన్‌కు పిల్లలు విజిటర్‌గా వెళ్తుంటే తల్లిదండ్రుల సమ్మతి లెటర్, వాళ్ళ ఫోన్, అడ్రస్ వివరాలు పెట్టాలి. వెంట వెళ్ళే పెద్దవాళ్ళ పాస్‌పోర్టు నంబర్లు కూడా ఇవ్వాలి. ఆ పెద్దవాళ్ళు తప్ప ఇంకెవరితోనైనా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవచ్చు. పిన్నితో అని అప్లై చేసి, చివర్లో పిన్నికి సెలవు దొరకలేదని మామయ్యతో పంపుతామంటే కుదరదు. కెనడా అధికారులు ఒక్కరితో వచ్చే పిల్లల దగ్గర లెటర్ ఉండాలని గట్టిగానే చెబుతారు.

గల్ఫ్‌కు ఫ్యామిలీ వీసా మీద వెళ్ళే పిల్లలకు స్పాన్సర్ తండ్రే కాబట్టి ఆయన సమ్మతి కాగితాల్లోనే ఉంటుంది. అక్కడ పని పడేది బర్త్ సర్టిఫికెట్ అటెస్టేషన్‌తో. ఒక్క ముద్రతోనే మన కాగితం ఇంకో దేశంలో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది, కానీ కువైట్, యూఏఈ అందులో లేవు. వాటికి విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. నెలరోజులు చేతిలో పెట్టుకోండి.

చెన్నై ఎయిర్‌పోర్టులో ఆపుతారా?

బిడ్డ ఒక్కరితో వెళ్తుంటే రెండోవారి లెటర్ ఉండి తీరాలని మన ఇమిగ్రేషన్‌లో రూలేమీ లేదు. కోర్టు ఆర్డరో, లుక్ అవుట్ సర్క్యులరో (ఫలానా మనిషి వస్తే ఆపమని ఇమిగ్రేషన్‌కు పంపే నోటీసు) ఉంటే తప్ప ఆపరు. కానీ అడగడం వేరు, ఆపడం వేరు. అడిగేది చాలాసార్లు ఇమిగ్రేషన్ కన్నా ముందు ఎయిర్‌లైన్ కౌంటర్లో. అవతల దిగాక ఆ దేశం వాళ్ళు వెనక్కి పంపితే ఖర్చు తమ మీద పడుతుందని వాళ్ళ భయం.

మా చెల్లెలి సంగతే చెబుతాను. ఆరేళ్ళ మేనల్లుడితో సింగపూర్ ప్రయాణం. బావకు ఆఫీసులో సెలవు లేక నెల్లూరులోనే ఉండిపోయాడు. తెల్లవారుజామున విమానం, రాత్రి పదిన్నరకు కారెక్కి నూట డెబ్భై అయిదు కిలోమీటర్లు పోయి కౌంటర్ ముందు నిలబడ్డాక, అక్కడి అమ్మాయి "ఫాదర్ ఎక్కడ? లెటర్ ఉందా?" అంది. ఊళ్ళో అందరికీ లెటర్లు టైపు చేసిచ్చే నేను, సొంత చెల్లెలికి రాయలేదు! నిద్రపోతున్న బావను లేపి, పిల్లోడి రఫ్ నోట్సులో ఒక పేజీ చింపించి, అందులో రాయించి, ఆధార్‌తో కలిపి ఫోటో తీయించి పంపేసరికి నలభై నిమిషాలు. సూపర్‌వైజర్ వచ్చి, బావతో వీడియో కాల్ మాట్లాడి, చివరికి వదిలాడు. రూలు ఉందా అని వాదించొచ్చు. గేటు మూసే టైమ్‌కు వాదన గెలిచి ఏం లాభం?

కన్సెంట్ లెటర్లో ఏం రాయాలి?

ఒక్క పేజీ చాలు, ఇంగ్లీషులో రాయించండి. చూసేది పై దేశం వాళ్ళు కదా. బిడ్డ పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు. రాసేవాళ్ళ పేరు, బిడ్డకు ఏమవుతారు, పాస్‌పోర్టు గానీ ఆధార్ గానీ నంబరు, ఫోన్. వెంట వెళ్ళేవాళ్ళ పేరు, పాస్‌పోర్టు నంబరు, బిడ్డకు ఏమవుతారు. ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీదాకా, అక్కడ ఎక్కడ ఉంటారు. "ఈ ప్రయాణానికి నా పూర్తి సమ్మతి ఉంది" అనే వాక్యం. సంతకం, తేదీ.

తేదీలు లేకుండా "ఎప్పుడైనా, ఎక్కడికైనా" అని రాయించేవాళ్ళున్నారు. రెండు పక్కలా అది మంచిది కాదు. చూసే అధికారికి అనుమానం, రాసినవాళ్ళకు రేపు తలనొప్పి. తిరుగు ప్రయాణం తేదీ రాస్తే, తిరిగి రాకపోయిన రోజున కోర్టులో మీకదే ఆధారం. పేర్లన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. జతగా బర్త్ సర్టిఫికెట్ కాపీ పెట్టండి. తల్లి ఇంటిపేరు, బిడ్డ ఇంటిపేరు వేరైనప్పుడు ఆమె తల్లేనని చెప్పేది ఆ కాగితమొక్కటే.

మూడు ఒరిజినల్స్ చేయించండి. ఒకటి వీసాకు పోతుంది, ఒకటి చేతిలో, ఒకటి ఇంట్లో.

నోటరీ తప్పనిసరా?

పాస్‌పోర్టు అనెక్జర్లకు అక్కర్లేదని చెప్పాను. ప్రయాణం లెటర్‌కు మాత్రం చేయించడమే మేలు, షెంగెన్ లాంటి చోట్ల అడుగుతారు కూడా. సంతకం పెట్టే మనిషి నోటరీ ముందుకు రావాలి. "మనిషి అక్కర్లేదు, కాగితం ఇచ్చి పో" అనే చోట్లున్నాయి. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. అలాంటి ముద్ర గొడవ లేనంతకాలం ముద్రే, గొడవ వచ్చిన రోజు అవతలి వకీలు మొదట అడిగేది ఆ రోజు మీరు ఆ ఊళ్ళో ఉన్నారా అనే.

మనవరాలిని మేం, అంటే అమ్మమ్మ తాతయ్య, తీసుకెళ్తున్నాం.

అప్పుడు లెటర్ మీద ఇద్దరు తల్లిదండ్రుల సంతకాలూ కావాలి. ఒక్క కూతురు సంతకం సరిపోదు, అల్లుడిది కూడా తీసుకోండి.

మన దగ్గర ఎక్కువ జరిగేది తిరుగు దారిలో. కూతురికి అమెరికాలో పురుడు. అమ్మమ్మ వెళ్ళి ఆరు నెలలుండి, ఉద్యోగాల వల్ల బిడ్డను చూసుకునే దిక్కు లేక, చంటిబిడ్డను చంకనేసుకుని ఊరికి తెచ్చేస్తుంది. ఆ బిడ్డ అమెరికా పౌరురాలు. అమెరికా పాస్‌పోర్టు ఉండాలి, మన దేశంలో ఉండడానికి ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) వీసానో ఉండాలి. మైనర్ ఓసీఐకి ఇద్దరు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అమ్మమ్మ చేతిలో ఇద్దరి సంతకాలతో, అక్కడే నోటరీ చేసిన లెటర్ ఉండాలి.

ఇంకొక్క పేరా అదే లెటర్లో పెట్టించండి: బిడ్డకు జబ్బు చేస్తే వైద్యం చేయించడానికి, అవసరమైతే ఆపరేషన్‌కు సంతకం పెట్టడానికి అమ్మమ్మకు అధికారం ఇస్తున్నామని. అర్ధరాత్రి జ్వరంతో ఫిట్స్ వచ్చిన బిడ్డను పట్టుకుని వెళ్తే, అమెరికాకు ఫోన్ కలిసేదాకా ఆగే పరిస్థితి రాకూడదు.

అమెరికాలో పుట్టిన మనవడి పాస్‌పోర్టు గడువు అయిపోతోంది, వాడు ఇక్కడే ఉన్నాడు.

16 ఏళ్ళలోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళే. రెన్యువల్ అనే మాట లేదు, ప్రతిసారీ డీఎస్-11 ఫారంతో కొత్తగా పెట్టినట్టే. తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో కాన్సులేట్‌కు రావాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే సమ్మతి ఫారం నోటరీ చేయించి, ఐడీ కార్డు రెండు పక్కలా కాపీతో పంపాలి. ఆ సంతకం మూడు నెలలే చెల్లుతుంది, ముందే తెప్పించి దాచుకోవద్దు. సమ్మతి దొరికే దారే లేనప్పుడు డీఎస్-5525 ఉంది, దానికి కారణాలూ రుజువులూ గట్టిగా చూపించాలి. మనకు చెన్నై దగ్గరైనా ఆంధ్ర వాళ్ళకు అమెరికా కాన్సులేట్ హైదరాబాద్.

నాకు తెలియకుండా బిడ్డను తీసుకెళ్ళిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

బిడ్డ పాస్‌పోర్టు ఎక్కడుందో ముందు చూసుకోండి. తర్వాత అదే రోజు వకీలు. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ ప్రాంతపు కోర్టుకే 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అధికారం. బిడ్డను దేశం దాటించొద్దని, పాస్‌పోర్టు కోర్టులో పెట్టమని మధ్యంతర ఆర్డర్ అడగొచ్చు. ఆర్డర్ చేతికి వస్తే దాని కాపీలు పాస్‌పోర్టు ఆఫీసుకు, పోలీసులకు, ఇమిగ్రేషన్‌కు చేర్పించాలి. ఆర్డర్ లేకుండా ఎయిర్‌పోర్టుకు పరిగెత్తి "ఆపండి" అంటే, అవతలి మనిషి కూడా కన్నవారే కాబట్టి వాళ్ళ చేతులు కట్టేసినట్టే.

బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే, లేదా రాబోతుంటే, అమెరికా విదేశాంగ శాఖలో పిల్లల పాస్‌పోర్టు అలర్ట్‌కు పేరు ఎక్కించుకోవచ్చు. ఎవరైనా ఆ బిడ్డ పేరున పాస్‌పోర్టు అడిగితే మీకు కబురు చేస్తారు. ఒకటి గుర్తుంచుకోండి, అమెరికా నుంచి బయటికి వెళ్ళేటప్పుడు మనలాగా పాస్‌పోర్టు చూసి ముద్ర వేసే ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు.

అమెరికా నుంచి మా అమ్మాయి భర్తతో పడక బిడ్డను తీసుకుని నెల్లూరు వచ్చేసింది. ఇక్కడికి వచ్చేశాక ఎవరూ ఏమీ చేయలేరు కదా?

ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే.

హేగ్ ఒప్పందం అని 1980లో ఒకటి కుదిరింది. ఒక దేశంలో ఉంటున్న 16 ఏళ్ళలోపు బిడ్డను తల్లో తండ్రో రెండోవారికి ఇష్టం లేకుండా ఇంకో దేశానికి తీసుకెళ్తే, ముందు బిడ్డను వెనక్కి పంపాలి, కస్టడీ సంగతి అక్కడి కోర్టు తేలుస్తుంది అనేది దాని సారం. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా అందులో ఉన్నాయి. మన దేశం లేదు. చేరమని లా కమిషన్ 2009లో చెప్పింది. 2016లో బిల్లు ముసాయిదా కూడా వచ్చింది, చట్టం కాలేదు. హింస భరించలేక బిడ్డతో పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను ఆ ఒప్పందం మళ్ళీ అక్కడికే తోస్తుందన్న అభ్యంతరం బలంగా ఉంది. నాకూ అది కొట్టిపారేసే మాటగా అనిపించదు.

ఒప్పందం లేదు గనక ఏమీ చేయలేరని కాదు. భర్త ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్) వేయొచ్చు. విదేశీ కోర్టు ఆర్డర్ ఉన్నంత మాత్రాన బిడ్డను పంపేయరు, బిడ్డ మేలే ముఖ్యం, ఆ ఆర్డర్ చూడాల్సిన విషయాల్లో ఒకటి మాత్రమే అని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దాన్ని పట్టుకుని ధైర్యంగా కూర్చున్నవాళ్ళున్నారు. కానీ 2019లో ఒక తెలుగు దంపతుల కేసులో అదే సుప్రీంకోర్టు పిల్లల్ని అమెరికాకు తిరిగి పంపమంది. పిల్లలు అక్కడే పుట్టిన అమెరికా పౌరులు, తల్లి తానే ముందు పెన్సిల్వేనియా కోర్టుకు వెళ్ళి ఉంది. బిడ్డ వయసు, ఎన్నాళ్ళు ఎక్కడ పెరిగింది, అక్కడ కేసు ముందే ఉందా, వచ్చి ఎన్నాళ్ళయింది, ఇవన్నీ తూచి చూస్తారు. ఎటు మొగ్గుతుందో ముందే చెప్పే మొనగాడు లేడు.

పైగా అమెరికాలో 1993 చట్టం ప్రకారం బిడ్డను ఇలా దేశం దాటించడం నేరం, మూడేళ్ళదాకా శిక్ష. మీ అమ్మాయి మళ్ళీ అక్కడ ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటే ఇది అడ్డం పడుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకూ అంతే, హక్కు ఉన్న అందరి అనుమతి లేకుండా బిడ్డను దేశం దాటించడం నేరం. బిడ్డ తమ దగ్గరే ఉండాలని కోర్టు ఆర్డర్ ఉన్నవాళ్ళు మాత్రం 28 రోజులదాకా అనుమతి లేకుండా తీసుకెళ్ళొచ్చు.

హింస జరిగి ఉంటే అక్కడి పోలీసు కంప్లైంట్, ఆసుపత్రి కాగితాలు, మెసేజ్‌లు అన్నీ వెంట తెచ్చుకున్నవాళ్ళకు ఇక్కడి కోర్టులో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఈ ప్రశ్నకు ఇంతకు మించి నన్ను అడగొద్దు, వకీలునే అడగండి.

కోర్టు కస్టడీ నాకే ఇచ్చింది. ఇక ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చుగా?

ఆర్డర్ చివరి పేజీలు చదవండి. అవతలివారికి నెలకు రెండు ఆదివారాలు చూసే హక్కు ఉందంటే, బిడ్డను దుబాయ్ తీసుకెళ్తే ఆ హక్కు పోయినట్టే. కోర్టు నియమించిన గార్డియన్ అయితే 1890 చట్టం 26వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి కూడా దాటించకూడదు. సెలవుల టూర్ అయితే తేదీలు, టికెట్లు చూపించి అనుమతి అడిగితే మామూలుగా ఇస్తారు. టికెట్లు రీఫండ్ అయ్యే రకం కొనండి.

మా అబ్బాయికి పదిహేడున్నర. బీటెక్‌కు బయటికి వెళ్తున్నాడు. వాడికీ ఈ గోలంతా ఉందా?

18 నిండేదాకా ఉంది. యూనివర్సిటీలూ వీసా ఆఫీసులూ తల్లిదండ్రుల సమ్మతి లెటర్ అడుగుతాయి, అక్కడ ఎవరి దగ్గర ఉంటాడో కూడా రాయమంటాయి. పుట్టినరోజు రెండు మూడు నెలల్లో ఉండి, చదువు మొదలయ్యేది ఆ తర్వాతే అయితే, కొంతమంది ఆగి 18 నిండాకే వీసా పెడతారు. మా షాపుకు వచ్చిన ఒంగోలు కుర్రాడు అలాగే ఆగాడు, పుట్టినరోజు మర్నాడు పొద్దున్నే షట్టర్ తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, వాళ్ళ నాన్నను వెంట తెచ్చుకోకుండా.